వాష్‌బేసిన్ విజయము

ఏ పట్టణమందు ఉదయమున ఉతికి ఆరవేసిన తెల్లచీర సాయంకాలమునకు బూడిదచీరగా పునర్జన్మ మెత్తునో, ఏ పట్టణమందు గోడ గడియారములు గని సైరను కూత విని తమ తప్పులు దిద్దుకొనునో, ఏ పట్టణమందు జనులు తిథివార నక్షత్రములకు మారుగా ఫస్టు, సెకండు, నైటు అను మూడు షిఫ్టులనే కాలమని నమ్ముదురో, అట్టి గోదావరీతీర విరాజిత కృష్ణాంగార రజోవిభూషిత గోదావరిఖని మహానగరమందు, ఎండాకాలము వెళ్లిపోవుచు వెళ్లిపోవుచు ఏదో మరచినదానివలె వెనుదిరిగి వచ్చి మరియొక వారము కాల్చిన జూన్ మాసమున, ఒక శుక్రవారము అపరాహ్ణవేళ, చరిత్రకారు లెవ్వరును ఇంతవరకు పట్టించుకొనని యొక ఘోరసంగ్రామము జరిగెను. అందు రథములు లేవు. అశ్వములు లేవు. గజము ఒకటి యుండెను గాని అది రబ్బరుది. దాని తొండమును పళ్లు వచ్చుచున్న యొక శిశువు అంతకు మునుపే నమిలివేసి యుండెను.

ఆ సంగ్రామమునకు నాయిక అనసూర్య. ఏబది రెండేండ్ల ప్రాయము, రెండు మోకాళ్లలో నొప్పి, ఒక భుజముపై ఎల్లప్పుడును ఎవరిదో యొకరి చొంగ, ఇవి యామె ఆభరణములు. ఇరువది రెండేండ్లు అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసి, పిమ్మట తన స్వంత యింటి ముందరి రెండు గదులను శిశురాజ్యముగా మార్చి, తల్లులు కొలువునకు పోవు పదకొండుగురు పిల్లలను పొద్దటి నుండి సాయంత్రము వరకు సాకుచుండెను. నర్సుల బిడ్డలు, బట్టల దుకాణములలో దినమంతయు నిలబడు పడుచుల బిడ్డలు, బడిపంతులమ్మల బిడ్డలు. ఇంటిపేర్లు వేరైనను ముక్కుచీమిడి విషయమున అందరును సమానులే. ఏకాదశ శిశు పరిపాలినియు, క్షీరసీసా ధారిణియు, లంగోటా విమోచన దక్షయు నగు ఆ అనసూర్యను పిల్లలు అమ్మమ్మ యనిరి; తల్లులు పెద్దమ్మ యనిరి; ఆమె భర్త మొగిలి మాత్రము, సెలవు దినమున తన యింట తనకు కూర్చుండ చోటు దొరకనప్పుడు, ఏమియు ననక పోయి అరుగుమీద కూర్చుండెడివాడు.

ఇట్లు రాజ్యము సుభిక్షముగా సాగుచుండ, ఒకానొక కార్యాలయము, ఇన్నేండ్లకు పిల్లలు అను ప్రాణులు లోకమున కలరని కనుగొని, ఒక శాసనము వెలువరించెను. ఇండ్లలో పిల్లలను చూచుకొను ప్రతివారును అనుమతిపత్రము పొందవలెను. అధికారి స్వయముగా వచ్చి తనిఖీ చేయును. పత్రము లేని యిండ్లు జూలై ఒకటవ తేదీ నుండి మూతపడును.

ఈ వార్తను మోసికొని వచ్చినది స్పందన. ఆమె ఆసుపత్రిలో నర్సు. మూడేండ్ల ఆమనికి తల్లి. ఆ కార్యాలయపు నోటీసుబోర్డునకు గుచ్చియున్న నిబంధనల కాగితమును ఫోనుతో ఫోటో తీసికొని, ప్రింటు తీయించి తెచ్చి, అనసూర్య చేతిలో పెట్టి, గుమ్మములోనే నిలబడిపోయెను.

"పెద్దమ్మా, గిది రాకుంటే నేనేం జెయ్యాలె? మా ఆయనేమో పిల్లను బోథ్‌ల అత్తమ్మ దగ్గరికి పంపుదామంటుండు. ఆడికి పంపితే ఇగ నెలకొక్కసారి సూసుడే. డ్యూటీ ఇడిచిపెడ్దామంటే ఇల్లు నడ్వది."

అనసూర్య ఒక చేత ఒకరి ముక్కు తుడుచుచు, రెండవ చేత కాగితము నందుకొనెను.

"పంపుడెందుకు బిడ్డా. కాయితమే గదా. తెచ్చుకుందాం."

కాగితమే గదా యని పలికిన వీరులు చరిత్రలో పెక్కుమంది కలరు. వారిలో ఎవ్వరును అప్పటికి ఆ కాగితమును చదివి యుండలేదు.

కాగితమున ఇరువది నాలుగు నిబంధనలు కలవు. పిల్ల ఏడ్చినచో ఎత్తుకొనువారు కలరా యను ప్రశ్న వానిలో లేదు. గోడకు మంటలార్పు ఎర్ర సిలిండరు వ్రేలాడుచున్నదా యను ప్రశ్న కలదు. పిల్లకు అన్నము కలిపి తినిపించువారు కలరా యని లేదు. "బయటికి దారి" యను బోర్డు ఆకుపచ్చ రంగున కలదా యని కలదు, ఇంకను అ ఆలు రాని పదకొండుగురు శిశువులు ఆపత్కాలమున దానిని చదివికొని బయటపడవలెను గనుక.

యుద్ధమంత్రాంగమునకు మొగిలి కూర్చుండెను. అధోలోక సంచారియు, ఇరువది యారేండ్ల అనుభవ సంపన్నుడునగు ఆ మొగిలి గనిలో సపోర్ట్‌మన్. అనగా నేల కడుపులో బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండ దుంగలు నిలబెట్టువాడు. తనిఖీలు అతనికి కొత్త కాదు.

"మా గనికి ఇన్‌స్పెక్షన్ అస్తుందంటే ముందుగాల ఏం జేస్తరో ఎర్కేనా?" అని అతడు గంభీరముగా పలికెను. "సున్నం. నల్లగున్నదంత తెల్లగ జేస్తరు. తెల్లగైందంటే సేఫ్టీ ఉన్నట్టే లెక్క."

"మనింట్ల నల్లగ ఏమున్నదయ్యా?"

"ఉన్నదా లేదా అని కాదు. సున్నం గొట్టాలె. అచ్చినాయన కంటికి ఆనాలె."

అట్లు పలికి, ఆ ఆదివారము సున్నపు బకెట్టును, కుంచెను ధరించి, ప్రహరీగోడను, గేటు ప్రక్కని రాళ్లను, కొబ్బరిచెట్టును నడుము వరకును ధవళీకరించి, విజయోత్సాహమున ఆగలేక, గేటుకడ నిద్రించుచున్న వీధికుక్క తోకను సైతము సగము ధవళీకరించెను. ఆ శునకము మేల్కొని, తన తోకను తాను గుర్తింపలేక, చాలసేపు దానిని చూచి మొరిగెను.

అనసూర్యకు అసలు పరీక్ష ఏడవ నిబంధనతో మొదలయ్యెను. నేల నుండి నాలుగడుగుల లోపు గల ప్లగ్గు రంధ్రములన్నియు మూయబడి యుండవలెను. ఆ యింట అట్టివి తొమ్మిది. మూయుట సులభమే, మూసినది మూసినట్లుండుట అసాధ్యము. ఏలయన ఆ రాజ్యమున ఆమని కలదు. స్పందన కూతురైన ఆ ఆమని, అంగుళీకౌశల విఖ్యాత, సర్వ మూతోద్ఘాటిని. పచ్చడి సీసా మొదలుకొని మందుల డబ్బా వరకు ఆమె యెదుట నిలిచిన మూత లేదు.

సోమవారము అనసూర్య తొమ్మిది రంధ్రములకును నల్లటేపు అంటించెను. మధ్యాహ్నమునకు ఆ టేపంతయు రబ్బరు ఏనుగునకు కట్టుకట్టి యుండెను. మంగళవారము స్పందన ఆన్‌లైన్లో తెప్పించిన ప్లాస్టిక్ మూతలను బిగించిరి. "పిల్లలు తీయలేనివి" అని వాని డబ్బామీద వ్రాసియుండెను. ఆమనికి చదువు రాదు గనుక తీసివేసెను. తీసి, తొమ్మిదింటిని గౌను అంచున మూటకట్టి తెచ్చి, అనసూర్య ఒడిలో పోసి, "అమ్మమ్మా, ఇగో" అని కానుకగా సమర్పించెను.

బలముతో గెలువలేనిచోట భేదోపాయము నాశ్రయింపవలెను. బుధవారము అనసూర్య ఆమనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని రహస్యముగా చెప్పెను.

"బిడ్డా, గీ మూతల ఎనుక ఎలుకపిల్లలు పండుకున్నయి. మూత తీస్తే లేస్తయి. లేస్తే ఏడుస్తయి. ఏడిస్తే ఎవలు ఎత్తుకోవాలె? నాకు పదకొండు మందిని ఎత్తుకునే ఓపికనే ఉన్నది."

ఆమని గోడలమీది మూతలన్నిటిని ఒకమారు చూచెను.

"అన్నిట్లనా?"

"అన్నిట్ల. ఒక్కోదాంట్ల ఒక్కటి."

ఆ క్షణము నుండి దుర్గమును ముట్టడించినదే దుర్గపాలకురాలాయెను. ఏ శిశువు ప్లగ్గు వైపు చేయి చాచినను ఆమని పెదవులపై వ్రేలు నుంచి అడ్డుపడెను. మొగిలి ఫోను చార్జింగు పెట్టబోయి తానును ఆమె చేత చీవాట్లు తినెను.

ఇక పందొమ్మిదవ నిబంధన. పిల్లలకు ప్రత్యేకముగా చేతులు కడుగు వాష్‌బేసిను ఉండవలెను. దానికై పిలువబడినవాడు అంతయ్య. పైపులు బిగించుటలో నేర్పరి. చెవిసందున పెన్సిలు గలవాడు, ఆ పెన్సిలుతో ఇంతవరకు ఏమియు కొలిచి యెరుగనివాడు.

"ఎంత ఎత్తుల పెట్టాలె అక్కా?"

"పిల్లలకు అందేటట్టు పెట్టు తమ్మీ."

పిల్లలు అనగానే అంతయ్య తన యిద్దరు కొడుకులను మనస్సున తలచుకొనెను. వారు తొమ్మిదవ తరగతి చదువుచుండిరి. అయినను దయగలవాడై కొంత తగ్గించి బిగించెను. పని పూర్తియైన పిమ్మట చూడగా, పదకొండుగురిలో నలుగురికి మాత్రమే కొళాయి అందెను. మిగిలినవారు దాని అడుగుభాగమును దర్శించుకొని వెనుదిరిగిరి.

"జర పైకైనట్టున్నది గదా తమ్మీ."

"పిల్లలు పెరుగుతరక్కా. ఇయ్యాల కిందికి పెడ్తే మల్లేడు నడుం వంగి కడుక్కోవాలె."

ఈ తర్కమునకు ప్రత్యుత్తరము లేదు. ఉన్నను అప్పటికి సిమెంటు పట్టివేసెను. అనసూర్య కూడ అంతగా చింతింపలేదు. ఇరువది రెండేండ్లకు పైగా ఆమె పిల్లలను చంకనెత్తుకొనియే చేతులు కడుగుచుండెను. ఇకముందును అట్లే కడుగును.

తనిఖీకి నిర్ణయించిన శుక్రవారము వచ్చెను. పదకొండుగురును పప్పన్నము తిని చాపలమీద వరుసగా నిద్రించిరి. రెండుంబావునకు గేటుకడ స్కూటరు ఆగెను. సగము తెల్లతోక గల శునకము కూడ మొరుగుటకు సాహసింపలేదు.

వచ్చినవాడు కరుణాకర్‌రావు. హుస్నాబాద్ దగ్గరి పెద్ద భూస్వాముల యింటివాడు. ముప్పదియొక్క యేండ్ల సర్వీసు. మూడు నెలలలో రిటైరగువాడు. తనిఖీకి పోయిన చోట టీ త్రాగడు. నీరు సైతము తన సీసాలోనిదే త్రాగును. ఎవరి మాటకును కరగడు, ఎవరి కానుకకును లొంగడు. అందుచేత ఆయనను చూచి భయపడినంతగా జనులు లంచగొండులను చూచి భయపడరు. నడుమున ఐదు మీటర్ల ఇనుపటేపు. జేబున రెండు పెన్నులు, "ఉన్నది" అని వ్రాయుటకు నీలము, "లేదు" అని వ్రాయుటకు ఎరుపు.

పిల్లలు నిద్రించుచున్నందున ఆ యుద్ధమంతయు గుసగుసలతోనే జరిగెను.

"సిలిండరు?"

"గా గోడకున్నది సార్."

"బోర్డు?"

"తలుపు మీద సార్. ఆకుపచ్చదే."

"ప్లగ్గు మూతలు?"

ఆయన వంగి ఒక మూత అంచున గోరు పెట్టి లాగబోయెను. చాపమీది నుండి ఒక తల లేచెను.

"శ్శ్. ఎలుక పండుకున్నది," అని ఆమని హెచ్చరించెను.

ముప్పదియొక్క యేండ్లలో ఎవరికిని భయపడని ఆ చేయి వెనుకకు వచ్చెను. కరుణాకర్‌రావు నీలపు పెన్నుతో "ఉన్నది" అని వ్రాసికొనెను. ఇట్లు ఒకటి తరువాత ఒకటిగా ఇరువది నాలుగు గడులును నీలవర్ణ శోభితములాయెను. అనసూర్య గుండెలనిండ ఊపిరి పీల్చుకొనెను. అంతట ఆ కొలబద్దపాణి, ఎవ్వరును ఊహింపని మహాస్త్రమును ప్రయోగించెను.

కాగితమును వెనుకకు త్రిప్పెను.

వెనుక ఇంకను ఆరు నిబంధనలు కలవు. గోడకు గుచ్చిన కాగితమునకు వీపు కనబడదు. స్పందన ఫోటో తీసినది ముఖమును మాత్రమే.

అనసూర్య వెరువలేదు. ఫిర్యాదుల పెట్టె ఏదనగా, రస్కుల డబ్బా మూతకు కత్తితో చీలిక పెట్టి అప్పటికప్పుడే నిలబెట్టెను. తల్లుల ఫోన్ నెంబర్లు గోడమీద ఏవనగా, గోడ క్యాలెండరు వెనుక తన చేతివ్రాతలో చూపెను. అట్లు నాలుగింటిని దాటి ఇరువది తొమ్మిదవ నిబంధనకడ ఆయన ఆగి, నడుమున టేపు తీసి, వాష్‌బేసిను కడకు నడిచెను.

"బేసిన్ ఎత్తు నలభై ఐదు సెంటీమీటర్లు దాటరాదు," అని చదివి, టేపు సాచి చూచెను. "యాభై తొమ్మిది ఉన్నది."

"ఎంత ఎక్కువ సార్?"

"పద్నాలుగు."

ఆయన ఒక చేత సాచిన టేపును పట్టుకొనియే, రెండవ చేత ఎర్ర పెన్ను మూత తీసెను.

"జర ఆగుండ్రి సార్. రేపటివరకు సరిజేపిస్త."

"సూడమ్మ, ఇయ్యాల సాయంత్రం రిపోర్టు పోవాలె. లేదని రాస్తే మల్ల తనిఖీ మూడు నెలలకే. నేను రాసేది ఉన్నది, లేదు, గంతే. నడుమ ఇంకో మాట రాయరాదు."

మూడు నెలలు. బోథ్ పోవు బస్సు అనసూర్య కన్నులకు కట్టెను. దాని కిటికీలో ఆమని ముఖము. అంతట ఆ వీరమాత, ఒంటికాలిపై భారము మోపి, కొంగు నడుమున చెక్కి, పిల్లలు మేల్కొనకుండ, ఇట్లు పలికెను.

"సార్, ఇరవై రెండేండ్లు అంగన్‌వాడీల జేసిన. ఆడ బేసిన్ లేకుండె, బోరింగు ఉండె. అటెనుక గీ ఇంట్ల జేస్తున్న. ఎన్ని వందల మంది చేతులు కడిగిన్నో నాకే ఎర్కలే. ఒక్కొక్కల్ని ఎత్తుకొని కడిగిన. నా నడుం ఎంత ఎత్తుంటదో గా ఎత్తుకే అందరు కడుక్కున్నరు. నా నడుం ఇరిగింది గని ఒక్క పిల్ల చెయ్యి మురికి లేకుండె. మీ కాయితంల ఎత్తు రాసిండ్రు, ఎత్తుకునేటోళ్ల ముచ్చట రాయలే. రాయకుంటే రాయకపోయిండ్రు. గీ పిల్లల్ని మాత్రం ఆగం జెయ్యకుండ్రి సార్."

కరుణాకర్‌రావు చేతిలోని టేపు పట్టు సడలెను. ఐదు మీటర్ల యినుపసర్పము బుసకొట్టుచు వెనుకకు దూకి, టప్పున తన పుట్టలో పడెను.

ఆ శబ్దమునకు మొదట ఒక శిశువు పెదవి విరిచెను. రెండవది కారణ మడుగకయే దానికి తోడ్పడెను. మూడవది, నాలుగవది, ఐదవది; క్షణములో పదిగొంతులు పది శంఖములై దిక్కులు పిక్కటిల్లజేసెను. చాపలు చెదరెను, దుప్పట్లు చిక్కుపడెను, ఎవరిదో యొక లాగు తడిసెను. ఆ ప్రళయఘోష మధ్యమున అనసూర్య నిలిచిన తీరు వర్ణింప నలవిగాదు. ఒకరిని చంకన, ఒకరిని భుజమున, ఒకరిని మోకాలిపై, ఇంకొకరిని కాలి పిక్కకు ఆనించి, నోట జోలయు, చేత జోకొట్టుటయు ఆపక, కలియదిరిగెను. నడుమ ఒకమారు కరుణాకర్‌రావు ఎదుటికి వచ్చి, ఏడ్వక నిలుచుండి చూచుచున్న పదకొండవదానిని ఎత్తి ఆయన చేతులలో పెట్టెను.

"జర పట్టుకోండ్రి సార్. అచ్చిన."

ఆ పదకొండవది ఆమని. ముప్పదియొక్క యేండ్ల సర్వీసులో ఆయన ఫైళ్లను తప్ప వేరెవరినీ ఎత్తుకొనలేదు. ఆయన ఫైలును పట్టుకొన్నట్లే ఆమెను రెండు చేతులతో దూరముగా పట్టుకొనెను. ఆమె ఆ ఏర్పాటును మెచ్చక, తానే సర్దుకొని, ఆయన మెడ చుట్టు చేయి వేసి, ఆయన చేతిలోనే మిగిలిన టేపు కొసను పిడికిట పట్టి, ఆయన భుజముపై తల వాల్చెను. ఎనిమిది నిమిషములలో అనసూర్య పదిమందిని మరల నిద్రపుచ్చి వచ్చి చూచునప్పటికి, ఆమని గాఢనిద్రలో నుండెను. అధికారి కుర్చీలో నిట్టనిలువుగా కూర్చుండి యుండెను.

"నేను పోవాలమ్మ," అని ఆయన పెదవులు కదలని రీతిగా చెప్పి, టేపును మెల్లగా లాగెను. నిద్రలోనే ఆ పిడికిలి బిగిసెను. ఆయన లాగుట మానివేసెను. పిల్లను అందుకొనునప్పుడు విడిచిన ఎర్ర పెన్ను మూతలేక బల్లమీద పడియుండెను. అది ఆయన చేతికందదు.

అప్పుడు మొగిలి వచ్చెను. ఫస్టు షిఫ్టు ముగించుకొని, స్నానము చేసినను కనురెప్పల అంచులలో బొగ్గుకాటుక మిగిలినవాడై వచ్చి, కుర్చీలోని అధికారిని, ఆయన భుజముమీది పిల్లను, భార్య ముఖమును చూచి, చెప్పులు బయటనే విడిచెను. అనసూర్య నాలుగు మాటలలో అంతయు చెప్పెను. అతడు బేసిను కడకు పోయి గోడను వ్రేలితో తట్టి చూచెను.

"ఇప్పుడు దించుదామంటే గోడంత ఊడి చేతుల కస్తది."

అనసూర్య కొంతసేపు గచ్చువైపు చూచి, కుర్చీ వైపు తిరిగెను.

"సార్, కొలత ఏడికెళ్లి సార్?"

"కాయితంల చూడు. వెనుక పేజీ."

ఆమె చదివెను. పిల్లలు నిలుచుండు తలము నుండి, అని వ్రాసియుండెను.

"తలం అంటే పిల్లలు నిలవడే జాగనే గదా సార్?"

ఆయన "అంతే," అనెను.

భార్యాభర్త లొకరి నొకరు చూచుకొనిరి.

"ఇరవై ఆరేండ్ల సంది పైనున్నది కిందికి రాకుంట ఆపుతున్న," అని మొగిలి చేతులు మడిచెను. "కిందున్నదాన్ని పైకి లేపుడు నాకో లెక్కనా."

పెరటిలో బాత్రూము కట్టగా మిగిలిన యిటుకలు కలవు. పాత తలుపు చెక్క ఒకటి కలదు. మొగిలి ఇటుకలను పక్కమీద నిలిపి, నడుమ చెక్క చీలికలు దూర్చి, గుడ్డచుట్టిన సుత్తితో చప్పుడు కాకుండ బిగించి, పైన చెక్క పరచెను. పరచి, ఎక్కి, ఎనుబది కిలోల తన దేహముతో మూడుమార్లు మడమలపై లేచి దిగెను. చెక్క కదలలేదు. గనిలో అతడు నిలిపిన కప్పుల క్రింద మనుష్యులు బ్రదుకుచుండిరి. అందుచేత అతడు నాలుగవమారు కూడ లేచి దిగెను.

"సార్, కొలుస్తరా?"

కరుణాకర్‌రావు పిల్లతో సహా లేచెను. టేపు కొస ఆమె పిడికిటనే కలదు. ఆయన మోకాళ్లపై వంగగా, అనసూర్య ఆ నిద్రించు చేతిని అట్లే పట్టి దించి చెక్కకు ఆనించెను. మొగిలి టేపు పెట్టెను పైకి సాచి బేసిను అంచున నిలిపెను. నలుగురును ఊపిరి బిగబట్టిరి. వారిలో ఒకరు మాత్రము గురక పెట్టిరి.

"నలభై ఐదున్నర," అని మొగిలి చదివెను.

"అర సెంటీమీటరు ఎక్కువున్నది," అని కరుణాకర్‌రావు అనెను. ఆ మాట అనుట ఆయనకే కష్టముగా నుండెనని ఆయన గొంతు చెప్పుచుండెను.

"సార్, మా గనిల అర సెంటీమీటరంటే దుమ్ము."

"కాయితంల దుమ్ముకు గడి లేదయ్యా."

మొగిలి తల వంచుకొనెను. అనసూర్య చెక్క అంచున కూలబడెను. అర సెంటీమీటరు, బియ్యపుగింజంత పొడవు, ఆ గింజ పదకొండు ఇండ్ల ముందు కొండవలె నిలిచెను. కరుణాకర్‌రావు పిల్లను భుజము మార్చుకొని, బల్లకడకు పోయి, ఎర్ర పెన్నును చేతబట్టెను. కాగితమును మొదటి వైపునకు త్రిప్పెను.

"నాలుగో నిబంధన నేను సరిగ చూడలే," అని ఆయన కఠినముగా పలికెను. "తడి అయ్యే ప్రతి జాగల కాలు జారని పట్ట పరచాలె. గా చెక్క మీద నీళ్లు పడ్తయా, పడయా?"

"పడ్తయి సార్," అని అనసూర్య మరింత కుంగిపోయెను.

"మరి పట్ట ఏది? ఉన్నదని రాసిన, ఇప్పుడు లేదని కొట్టేయాల్నా?"

ఆమె తల యెత్తి ఆయన ముఖమును చూచెను. ఆయన సీలింగు ఫ్యానును చూచుచుండెను. మొగిలి కింకను అర్థము కాలేదు. అతడు సాయంకాలపు రెండవ ఓటమిని మ్రింగుచుండెను. అనసూర్య మాత్రము, మోకాళ్లనొప్పి సంగతి మరచి, లేచి, బాత్రూము ముందరి రబ్బరు పట్టను లాగికొని వచ్చి, చెక్కపై పరచి, నాలుగు మూలలను అరచేతితో అదిమి, ఆమని పిడికిలిని మరల క్రిందికి దించెను.

మొగిలి చదివెను. చదివి, నమ్మక, వంగి, ఒక కన్ను మూసి మరల చదివెను.

"నలభై ఐదు."

కరుణాకర్‌రావు ఎర్ర పెన్నునకు మూత పెట్టెను. నీలపు పెన్నుతో ఇరువది తొమ్మిదవ గడిలో "ఉన్నది" అని వ్రాసి, అధికారి సంతకమే కోరు ముప్పదియవ గడిలో సంతకము చేసెను. అనసూర్య ఆమని వ్రేళ్లను ఒక్కొక్కటిగా విప్పి టేపును విడిపించి, పిల్లను అందుకొనెను. ఆయన చొక్కా ఎడమభుజమున అరచేతి మేర తడి యుండెను. టీ ఇచ్చిరి, త్రాగలేదు. గేటు దాటి స్కూటరు ఎక్కువరకు ఆ తడిని తుడుచుకొనను కూడ లేదు.

ఐదు గంటలకు స్పందన ఆసుపత్రి నుండి యూనిఫారముతోనే పరుగున వచ్చి చూడగా, పదకొండుగురును వరుసగా నిలుచుండి యుండిరి.

"ఏమైంది పెద్దమ్మా? సారు అచ్చిండా?"

"అచ్చి పోయిండు. జర ఆగు బిడ్డా, నీ పిల్ల వంతు అస్తున్నది."

బల్లమీది కాగితమును స్పందన రెండువైపులను చదివెను. చదివి, గుమ్మములో కూర్చుండి, భర్తకు ఫోను చేసి, "అత్తమ్మకు చెప్పు, పిల్ల రాదు" అని మాత్రము చెప్పి పెట్టివేసెను.

ఆమని చెక్క యెక్కెను. అలవాటు చొప్పున అనసూర్య రెండు చేతులును ఎత్తుకొనుటకు ముందుకు సాగెను. ఆమని వానిని చూడనేలేదు. తానే చేయి చాచి, తానే కొళాయి త్రిప్పి, మోచేతుల దాక నీరు కారుచుండగా, చేతులు కడుగుకొనెను. ఖాళీగా నిలిచిన ఆ రెండు చేతులతో ఏమి చేయవలెనో తెలియక అనసూర్య కొంగు పిండుకొనెను. అది తడిసి యుండలేదు.

కావున సమస్త దిక్కులకును, భూత భవిష్యద్వర్తమాన కాలములకును, నేలపైన గలవారికిని నేలక్రింద గలవారికిని ఇందుమూలముగ ప్రకటింపబడుచున్నది ఏమనగా: గోదావరిఖని పట్టణమందు, అనసూర్య గృహమందు, పిల్లలు చేతులు కడుగు బేసిను నలభై ఐదు సెంటీమీటర్ల ఎత్తున వెలసియున్నది, ఒక్క వెంట్రుక మందమైనను ఎక్కువ లేదు.